ఇంటి పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు: శ్లాబుకు ముప్పు రాకుండా బిగించే పద్ధతి

ఇంటి పైకప్పు సోలారుకు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైన తరువాత సొంత ఇంటిపై ప్యానెళ్లు పెట్టించుకునేవారు బాగా పెరిగారు. వారిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే: “మా శ్లాబు ఈ బరువును ఆపుతుందా?” ప్రశ్న సబబైనదే కాని, పరిశీలన అక్కడితో ఆగిపోతే అసలు ప్రమాదం లెక్కలోకి రాకుండా పోతుంది.

మామూలు 3 కిలోవాట్ల ప్యానెళ్లు, వాటి ఇనుప ఫ్రేము కలిపి సుమారు 300 కిలోలు ఉంటాయి. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే దీనికి మూడు రెట్లకు పైగా బరువుంటుంది. ఆరోగ్యంగా ఉన్న శ్లాబుకు ఈ బరువు పెద్ద సమస్య కాదు. పెనుగాలి ఫ్రేమును పైకి లాగడం, ఫ్రేము కాళ్లు శ్లాబులో పడకూడని చోట పడటం, యాంకరు (ఫ్రేమును శ్లాబులోకి బిగించే బోల్టు) రంధ్రాల గుండా నీరు దిగి లోపలి ఊచలు తుప్పు పట్టడం అనే మూడే అసలు సమస్యలు. కింది వరుస ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకొని రాసినది. డబ్బు కట్టకముందే మొదటి ఐదు మెట్లూ పూర్తి చేయాలి.

1. పైకప్పు ఏ రకమో తేల్చుకోవాలి

ఊచలు వేసి పోసిన కాంక్రీటు శ్లాబు అయితే తరువాతి మెట్టుకు వెళ్లవచ్చు. ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో కనిపించే మిగతా కప్పులన్నింటికీ వేర్వేరు జాగ్రత్తలు ఉన్నాయి.

మట్టి మిద్దె, కర్ర దూలాల మీద నాపబండలు పరిచిన మిద్దె, సున్నపు గచ్చుతో వేసిన పాత మిద్దె, పెంకుటిల్లు: వీటి మీద ప్యానెళ్లు పెట్టకూడదు. కర్ర లోపల ఎంత చెద పట్టిందో, బండ ఎక్కడ బీటలిచ్చిందో పై నుంచి తెలియదు. పైగా యాంకరు పట్టుకోవడానికి కావలసిన గట్టి కాంక్రీటు వీటిలో ఉండదు. ఇలాంటి ఇళ్లవారు పెరట్లోనో, పశువుల కొట్టం పక్కనో నేల మీద పునాది వేసి, విడిగా ఫ్రేము నిలబెట్టుకోవడమే సరైన మార్గం.

రేకుల షెడ్ల గురించి 9వ మెట్టులో విడిగా ఉంది.

కాంక్రీటు శ్లాబు ఉన్న ఇంట్లో కూడా కొన్ని భాగాలు పనికిరావు. బాల్కనీ, గోడ దాటి ముందుకు పొడుచుకు వచ్చిన పోర్టికో, సన్‌షేడ్ ఒకవైపు ఆధారంతోనే నిలబడి ఉంటాయి. వాటి మీద ఫ్రేము కాలు పడకూడదు. పిట్టగోడ సాధారణంగా ఊచలు లేని నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కాబట్టి, ఫ్రేమును దానికి కట్టడం గాని, దాని మీద నిలపడం గాని చేయకూడదు.

2. శ్లాబును ముందు కింది నుంచి, ఆ తరువాత పై నుంచి చూడాలి

శ్లాబు బాగోగులు ముందుగా ఇంటి లోపలి సీలింగులోనే బయటపడతాయి. ఫాల్స్ సీలింగు ఉంటే ప్యానెళ్లు రాబోయే గదుల్లో కొన్ని పలకలు విప్పించి చూడాలి. వీలైతే వర్షం వెలిసిన మరునాడు చూడటం మంచిది, ఎందుకంటే ఎండాకాలంలో కనిపించని చెమ్మ అప్పుడు దానంతట అదే కనిపిస్తుంది.

కింది నుంచి చూడవలసినవి:

- పెచ్చులు ఊడిన చోట్లు, ఊచలు బయటపడ్డ చోట్లు
- ఒకే గీతగా సాగిన పగుళ్లు, వాటి వెంట గోధుమ రంగు తుప్పు చారలు
- చెమ్మ మరకలు, తెల్లని ఉప్పు పొర
- చిన్న సుత్తితో మెల్లగా తట్టినప్పుడు డొల్లగా మోగే చోట్లు
- శ్లాబు మధ్యలో కిందికి వంగిన ఆనవాలు

వంగుదల ఎంతో తెలుసుకోవడానికి గది ఒక గోడ నుంచి ఎదుటి గోడ వరకు రెండు చివర్లా సీలింగుకు ఒకే దూరం కిందగా దారాన్ని బిగించి పట్టి, మధ్యలో ఆ దూరం ఎంత తగ్గిందో కొలవాలి. కాంక్రీటు కట్టడాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మొత్తం వంగుదల ఆధారాల మధ్య దూరంలో 250వ వంతుకు మించకూడదు. అంటే 4 మీటర్ల గదిలో 16 మిల్లీమీటర్లు. ప్లాస్టరింగులోని ఎగుడుదిగుళ్ల వల్ల ఈ కొలత కొంత అటూ ఇటూ అవుతుంది కాని, హద్దుకు దగ్గరగా వస్తే ఇంజినీరు చూడకుండా ముందుకు వెళ్లకూడదు.

తరువాత మేడ మీదికి వెళ్లి నీళ్లు నిలిచే చోట్లను, వాటం ఎటు ఉందో, వాన నీటి గొట్టాలు ఎక్కడున్నాయో గుర్తించాలి. శ్లాబు మీద వాటం కోసం వేసిన పూత ఎంత మందమో తెలుసుకోవడం చాలా అవసరం. ఇది చాలా ఇళ్లలో అంగుళం నుంచి మూడు అంగుళాల వరకు ఉంటుంది. 7వ మెట్టులో ఈ కొలతే కీలకమవుతుంది.

సన్నని వెంట్రుక పగుళ్లు, రంగు పొర లేవడం వంటివి భయపడవలసినవి కావు. తుప్పు చార, పెచ్చు, డొల్ల శబ్దం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా లోపల ఊచ తుప్పు పడుతోందని అర్థం చేసుకోవాలి. అలాంటి శ్లాబుకు ముందు మరమ్మతు చేయించి, ఆ తరువాతే ప్యానెళ్ల మాట ఎత్తాలి. ప్యానెళ్లు పాతికేళ్లు ఉండేవి. ఒకసారి బిగించాక వాటి కింద శ్లాబును బాగుచేయించడం అంటే ఫ్రేమంతా విప్పి మళ్లీ కట్టించడమే.

స్ట్రక్చరల్ ఇంజినీరు తప్పనిసరిగా చూడవలసిన సందర్భాలు ఇవి: ఇల్లు కట్టి 20 ఏళ్లు దాటడం, సముద్ర తీరానికి దగ్గరగా ఉండటం, ఫ్రేమును మనిషి నడిచేంత ఎత్తులో లేపాలనుకోవడం, ఇంటి ప్లాను దొరకకపోవడం, పై అంతస్తు తరువాత అదనంగా వేసినది కావడం. ఇంజినీరుకు ఇచ్చే రుసుము మొత్తం ఖర్చులో చిన్న భాగమే, దాన్ని మిగుల్చుకోవాలని చూడకూడదు.

3. దూలాలు, స్తంభాలు, గోడల పటం గీయాలి

ఒక తెల్ల కాగితం మీద మేడను కొలతలతో గీసి, కింద ఎక్కడెక్కడ దూలాలు, స్తంభాలు, గోడలు ఉన్నాయో అందులో గుర్తించాలి. ఇంటి ప్లాను ఉంటే ఈ పని సులువు. లేకపోతే కింది గదుల్లో దూలాలను కొలిచి, మెట్ల గది గోడను ఆధారంగా పెట్టుకొని పైన సుద్దతో గీతలు గీయాలి. పై అంతస్తు కోసమని స్తంభాల ఊచలు వదిలిపెట్టిన ఇళ్లలో ఆ ఊచలే స్తంభాల స్థానాన్ని చూపిస్తాయి. ఆ ఊచలకు ఫ్రేమును వెల్డింగు చేయడం కొన్నిచోట్ల చూస్తుంటాం. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ తుప్పు పట్టిన ఊచ ఎంత బలంగా ఉందో ఎవరూ చెప్పలేరు కాబట్టి అది ఒప్పుకోదగిన పని కాదు.

స్తంభాలు లేకుండా గోడల మీదే శ్లాబు ఆనిన ఇళ్లలో గోడల గీతలే దూలాల గీతలు.

ఫ్రేము కాళ్లు వీలైనంత వరకు ఈ గీతల మీదే పడేలా ప్యానెళ్ల అమరికను మార్చుకోవాలి. అమ్మకందారు తెచ్చే నమూనా చిత్రంలో కాళ్లు ప్యానెళ్ల సౌకర్యాన్ని బట్టి ఉంటాయి గాని మీ ఇంటి దూలాలను బట్టి ఉండవు. ప్యానెళ్లను అర మీటరు జరిపితే కాలు దూలం మీదికి వచ్చేటట్లయితే జరపాల్సిందే. దానివల్ల తగ్గే విద్యుత్తు లెక్కలోకి తీసుకోదగినంత ఉండదు.

మేడ మీద మరో అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పాలి. అప్పుడు ఫ్రేమును బోల్టులతో విప్పేటట్లు కట్టాలి.

4. బరువు లెక్క

540–550 వాట్ల ప్యానెల్ ఒకటి సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు ఉంటుంది. రకాన్ని బట్టి 27 నుంచి 33 కిలోలు తూగుతుంది. 30 కిలోలు అనుకుంటే 3 కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు 180 కిలోలు, తక్కువ ఎత్తు ఫ్రేము 120 కిలోలు, మొత్తం 300 కిలోలు. ప్యానెళ్ల విస్తీర్ణం సుమారు 15.5 చదరపు మీటర్లు కాబట్టి చదరపు మీటరుకు 20 కిలోలు పడుతుంది.

మనుషులు తిరిగే మేడ శ్లాబును చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల అదనపు బరువుకు రూపొందించాలని కట్టడాల మీద పడే బరువులకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. ప్రమాణాల ప్రకారం కట్టిన ఇంటికి ఈ 20 కిలోలు భారం కాదు.

అయితే ఇక్కడ చాలామంది మరిచిపోయే బరువు ఒకటి ఉంది, అది కాళ్ల కింద పోసే కాంక్రీటు దిమ్మెలది. 30 సెంటీమీటర్ల ఘనాకారపు దిమ్మె ఒకటి 65 కిలోలు ఉంటుంది. ఎనిమిది దిమ్మెలంటే 520 కిలోలు, అంటే ప్యానెళ్లూ ఫ్రేమూ కలిపిన బరువు కంటే ఎక్కువ. అది కూడా పరుచుకొని కాకుండా ఎనిమిది చోట్లే పడుతుంది. అందుకే బరువు లెక్కను దిమ్మెలతో కలిపే అడగాలి.

5. గాలి లెక్క

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లాను, మిచౌంగ్ 2023 డిసెంబరులో బాపట్ల తీరాన్ని తాకాయి. ప్యానెళ్లు నిలబడే పాతికేళ్లలో తీర జిల్లాల ఇంటికి ఇలాంటి గాలి ఒక్కసారైనా తగులుతుందని అనుకునే కట్టుకోవాలి.

ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు లెక్కకు ఆధారమైన గాలివేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా, హైదరాబాదుకు 44 మీటర్లుగా ఇచ్చింది. గంటకు లెక్క వేస్తే ఇవి 180, 158 కిలోమీటర్లు. గాలివేగాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో పీడనం వస్తుంది. 50 మీటర్ల వేగానికి అది 1500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బలం. హైదరాబాదుకు దాదాపు 118 కిలోలు.

ఇంటి ఎత్తు, చుట్టూ ఉన్న కట్టడాలు, ప్యానెల్ వాలు, అంచు నుంచి దూరం బట్టి ఇంజినీరు ఈ అంకెను పెంచుతారు లేదా తగ్గిస్తారు. పీడనమంతా పైకి లాగుతుందని స్థూలంగా అనుకొని మన ఆరు ప్యానెళ్లకు లెక్క చూద్దాం. విశాఖలో 15.5 చదరపు మీటర్ల మీద పైకి లాగే బలం దాదాపు 2,350 కిలోలు. కిందికి ఆపే సొంత బరువు 300 కిలోలు మాత్రమే.

భద్రత కోసం గాలి బలాన్ని ఒకటిన్నర రెట్లుగా, సొంత బరువును పదింట తొమ్మిది వంతులుగా తీసుకోవడం ఇంజినీర్ల పద్ధతి. అలా చూస్తే ఎనిమిది కాళ్లలో ఒక్కొక్కటి 400 కిలోలకు పైగా పైకి లాగే బలాన్ని తట్టుకోవాలి. హైదరాబాదులోనైనా 300 కిలోలు దాటుతుంది. మన దిమ్మె బరువు 65 కిలోలు.

కాలు శ్లాబును గట్టిగా పట్టుకోకుండా కేవలం దిమ్మె బరువుతోనే ఆపాలంటే విశాఖలో ఒక్కో కాలికి 400 కిలోలకు మించిన దిమ్మె పోయాలి. అలాంటివి ఎనిమిది పెడితే శ్లాబుకు అనుమతించిన చదరపు మీటరుకు 150 కిలోల హద్దు దాటిపోతుంది. గాలికి భయపడి దిమ్మెలను పెద్దవి చేసుకుంటూ పోతే శ్లాబు ప్రమాదంలో పడుతుంది, శ్లాబుకు భయపడి చిన్నవి చేస్తే ఫ్రేము ఎగిరిపోతుంది. ఈ చిక్కుకు సమాధానం దూలాల్లోకి, స్తంభాల తలల్లోకి దించిన యాంకరు బోల్టులు. 5 అంగుళాల శ్లాబు చదరపు మీటరుకు 310 కిలోల దాకా సొంత బరువు కలది కాబట్టి, యాంకరు సరిగా పట్టితే ఆ బరువంతా మనకు సాయంగా నిలబడుతుంది.

గాలి బలాన్ని తగ్గించే పనులు:

- వాలును 10–15 డిగ్రీలకు పరిమితం చేయడం. మన ప్రాంతపు అక్షాంశానికి ఇది చాలు.
- ప్యానెళ్లను మేడ అంచుల నుంచి, ముఖ్యంగా మూలల నుంచి కనీసం ఒక మీటరు లోపలికి పెట్టడం. లాగుడు మూలల్లోనే అత్యధికం.
- ఏ ప్యానెలూ పిట్టగోడ దాటి బయటికి రాకుండా చూడటం.
- ఎత్తు తగ్గించడం.

మేడను వాడుకోవడానికి వీలుగా ఫ్రేమును 8–10 అడుగులు లేపే అలవాటు మన పట్టణాల్లో బాగా పెరిగింది. బట్టలు ఆరేసుకోవడానికి, సాయంత్రం కూర్చోవడానికి నీడ దొరుకుతుంది కనుక ఆ కోరిక సహజమే. కాని 15 డిగ్రీల వాలులో ఉన్న ఆరు ప్యానెళ్ల మీద, పైన చెప్పిన విశాఖ గాలికి దాదాపు 600 కిలోల పక్కతోపు వస్తుంది. ఆ తోపు 8 అడుగుల ఎత్తున పడితే కాలి మొదట్లో ఎంతటి వంచే బలం వస్తుందో, దాన్ని బేస్‌ప్లేటు (కాలి అడుగున ఉండే ఇనుప పలక) ఎలా తట్టుకుంటుందో లెక్క వేయాలి. ఎత్తైన ఫ్రేమును ఇంజినీరు సంతకం చేసిన చిత్రం లేకుండా కట్టించవద్దని గట్టిగా చెబుతున్నాను.

6. బిగింపు పద్ధతిని ఎంచుకోవడం

దూలం లేదా గోడ గీత మీద యాంకరు: అన్నింటికంటే మంచిది. కాంక్రీటు లోతు ఉంటుంది, బరువు నేరుగా కిందికి దిగుతుంది.

శ్లాబులో యాంకరు: తక్కువ ఎత్తు ఫ్రేములకు, మంచి శ్లాబుకు పనికివస్తుంది. ఊచలు ఎక్కడున్నాయో ఊచలను గుర్తించే పరికరంతో చూశాకే రంధ్రం చేయాలి.

దిమ్మె బరువు మీదే నిలబెట్టడం: లోతట్టు జిల్లాల్లో, చాలా తక్కువ వాలుతో, వరుసలన్నీ ఒకదానికొకటి కలిపి కట్టినప్పుడు, ఇంజినీరు లెక్కతో మాత్రమే. దిమ్మె కింద రబ్బరు పట్టీ ఉండాలి.

వీటిని సగంసగంగా కలపకూడదు. పూత మీద తడి కాంక్రీటు పోసి దిమ్మె కట్టి, అది శ్లాబుకు అతుక్కుందని నమ్మడం అన్ని పద్ధతుల్లోకీ చెడ్డది. దానికి బరువూ చాలదు, పట్టూ ఉండదు, అడుగున నీరు చేరుతుంది.

7. రంధ్రం, యాంకరు, దిమ్మె, నీటి కట్టడి

ఈ మెట్టులో మీరు దగ్గరుండాలి. తరువాత చూడటానికి ఏమీ మిగలదు, అంతా దిమ్మెలో కప్పబడిపోతుంది.

అ) కాలి చోటులో వాటం పూతను శ్లాబు కాంక్రీటు తగిలేదాకా చిన్న ఉలితో తీసేయాలి. పెద్ద బ్రేకరు మిషను వాడనివ్వకూడదు, అది శ్లాబును అదరగొట్టి కొత్త పగుళ్లు తెస్తుంది. యాంకరు లోతును పూత పైనుంచి కాకుండా శ్లాబు కాంక్రీటు నుంచి కొలవాలి. మూడు అంగుళాల పూతలో కూర్చున్న యాంకరు మొదటి పెనుగాలికే పూతతో సహా ఊడి వస్తుంది.

ఆ) రంధ్రం చేసేటప్పుడు ఊచ తగిలిందంటే ఆగిపోవాలి. ఊచను కోసుకుంటూ ముందుకు వెళ్లకూడదు, బేస్‌ప్లేటును జరిపి కొత్త రంధ్రం చేయాలి. పాత రంధ్రాన్ని కుంచించుకుపోని గ్రౌటుతో నింపాలి.

ఇ) 5 అంగుళాల శ్లాబు అంటే 125 మిల్లీమీటర్లు. రంధ్రం కింద కనీసం 30 మిల్లీమీటర్ల కాంక్రీటు మిగలాలి. అవతలికి దూసుకుపోయిన రంధ్రంలో యాంకరు కడ్డీని అతికించే కెమికల్ నిలవదు, పైగా గదిలోకి వాన దారి ఏర్పడుతుంది. డ్రిల్లు మీద లోతు గుర్తు పెట్టించాలి.

ఈ) రంధ్రాన్ని గాలితో ఊది, వైరు బ్రష్షుతో రుద్ది, మళ్లీ ఊదాలి. దుమ్ము మిగిలితే కెమికల్ గోడకు కాక దుమ్ముకు అంటుకుంటుంది. నోటితో ఊదితే చాలదు. యాంకరు ఊడిపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ఎక్కువ.

ఉ) కెమికల్ యాంకరు ట్యూబు మీద ఉష్ణోగ్రతను బట్టి గట్టిపడే సమయం ముద్రించి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం శ్లాబు కాగిపోయి ఉన్నప్పుడు అది నిమిషాల్లోనే బిగుసుకుంటుంది కాబట్టి ఈ పనిని ఉదయాన్నే చేయించాలి. రంధ్రం అడుగు నుంచి నింపుకుంటూ పైకి రావాలి, కడ్డీని తిప్పుతూ దించాలి, గట్టిపడేదాకా ముట్టుకోకూడదు.

ఊ) కడ్డీలు నిలిచాక దిమ్మె పోయాలి. శ్లాబును గరుకు చేసి, తడిపి, సిమెంటు పాలు పూసి, ఎం20 కాంక్రీటు వేయాలి. దిమ్మె మేడ మట్టం కంటే కనీసం 6 అంగుళాలు పైకి ఉండి, పై అంచు నాలుగు వైపులా కొద్దిగా వాలుగా ఉండాలి. 7 రోజులు, పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటైతే 10 రోజులు తడుపుతూ ఉండాలి. తడిపే రోజులు పూర్తికాకుండా ఫ్రేము ఎక్కించడానికి పనివాళ్లు తొందరపడతారు, ఒప్పుకోకూడదు.

ఋ) దిమ్మె, మేడ కలిసే మూలలో గుండ్రని సిమెంటు వంపు తీసి, దాని మీద దిమ్మె వైపు 6 అంగుళాలు, మేడ వైపు అడుగు మేర రెండు పొరల వాటర్‌ప్రూఫింగు పూయాలి. మొదటి పొర ఆరకముందు జాలీ గుడ్డ పరచాలి. ఇది ఆరాక మేడ గొట్టాలు మూసి, అంగుళం లోతు నీరు కట్టి ఒక రోజు ఉంచి, కింది గదుల్లో చెమ్మ చూడాలి. ప్యానెళ్లు ఎక్కకముందే ఈ పరీక్ష జరగాలి.

వాటానికి అడ్డంగా దిమ్మెలను వరుసగా కలిపి గోడలా పోయకూడదు. దాని వెనక నాలుగు అంగుళాల నీరు నిలిస్తే చదరపు మీటరుకు 100 కిలోలు, అంటే ప్యానెళ్ల బరువుకు అయిదు రెట్లు పడుతుంది.

8. ఇనుప ఫ్రేము

వేడి జింకులో ముంచి తీసిన ఇనుము కావాలి. పూత మందం 80 మైక్రాన్లకు తగ్గకూడదని ఒప్పందంలో రాయించుకోవాలి. కోతలు, రంధ్రాలు జింకు పూతకు ముందే జరగాలి. మేడ మీద వెల్డింగు చేస్తే ఆ చోట జింకు కాలిపోతుంది, వెండి రంగు కొట్టినా రెండు వానాకాలాల తరువాత తుప్పు తేలుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా త్వరగా తేలుతుంది.

- బోల్టులు, నట్లు స్టెయిన్‌లెస్ స్టీలువి, వదులు కాకుండా స్ప్రింగు వాషర్లతో
- బేస్‌ప్లేటుకు నాలుగు బోల్టులు
- ఎత్తైన కాళ్లకు రెండు దిశల్లోనూ ఏటవాలు కట్టు కడ్డీలు
- ఒక్కో ప్యానెల్‌కు నాలుగు పట్లు (క్లాంపులు), తయారీదారు చూపిన చోటనే
- ప్యానెల్ అంచుకు కొత్తగా రంధ్రం వేయకుండా ఉండటం, వేస్తే వారంటీ పోతుంది

9. రేకుల షెడ్లు

సిమెంటు రేకుల మీద మనిషి అడుగు పెట్టకూడదు. పాత రేకులు ఆస్‌బెస్టాస్‌వి కావచ్చు, వాటికి రంధ్రం చేస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదకరం. ఇలాంటి కప్పు తీసేసి లోహపు రేకు వేయించాకే ప్యానెళ్ల ఆలోచన చేయాలి.

లోహపు రేకుల షెడ్డులో రేకు ఏ బరువునూ మోయదు. బిగింపు రేకు గుండా కింద ఉన్న పర్లిన్‌కు (రేకులను మోసే అడ్డ దూలానికి) చేరాలి. షెడ్డును సాధారణంగా చదరపు మీటరుకు 75 కిలోల అదనపు బరువుకే రూపొందిస్తారు, వాలు పెరిగితే అది ఇంకా తగ్గుతుంది. రేకులను పట్టుకున్న హుక్కులు, పర్లిన్‌ను ట్రస్‌కు (కప్పును మోసే త్రికోణపు చట్రానికి) కలిపే బోల్టులు, ట్రస్‌ను స్తంభానికి కట్టిన బోల్టులు అన్నీ పైకి లాగే కొత్త బలాన్ని మోయాలి. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం బలహీనమైనా షెడ్డు మొత్తం ఎగిరిపోవచ్చు. అందుకే కోళ్ల ఫారాలు, గోదాముల యజమానులు ఇంజినీరు లెక్క లేకుండా ఈ పనికి దిగకూడదు.

స్క్రూలు రేకు మడత ఎత్తు మీదే పడాలి, లోయలో కాదు. ప్రతి దానికీ ఎండను తట్టుకునే ఈపీడీఎం రబ్బరు వాషరు ఉండాలి.

10. బిగించే రోజు

ప్యానెళ్లను కట్టలుగా మేడ మీదికి ఎక్కించి ఒకేచోట దింపడం ప్రమాదం. ముప్పై ఆరు ప్యానెళ్ల కట్ట టన్నుకు పైగా ఉంటుంది. కొద్దికొద్దిగా, గోడల గీతల దగ్గర నిలబెట్టించాలి. అంచున పనిచేసేవారికి నడుము బెల్టు, దాన్ని తగిలించడానికి గట్టి ఆధారం ఉండాలి. ఆ ఆధారం పిట్టగోడ కాకూడదు. గాలి వీచేటప్పుడు ప్యానెల్‌ను చేతుల్లో పట్టుకొని మేడ మీద తిరగనివ్వకూడదు. సగం పట్లు బిగించి రాత్రికి వదిలేయకూడదు.

11. ఇప్పటికే బిగించేశారా? సవరణలు

దిమ్మెలు పూత మీదే పోసి ఉంటే: కాళ్ల మధ్య కొత్త అడ్డ కడ్డీలు వేసి, వాటిని దూలాల మీద దించిన కొత్త యాంకర్లకు కట్టవచ్చు. ఫ్రేము అంతా విప్పనవసరం లేదు.

పిట్టగోడకు కట్టి ఉంటే: ఆ పట్టును తీసేసి మేడలోకి కాలు దించాలి. గోడలో పగులు ఉంటే ముందు గోడను బాగుచేయాలి.

ఎత్తైన ఫ్రేము చేత్తో ఊపితే ఊగుతుంటే: రెండు దిశల్లో ఏటవాలు కట్టు వేయించి, బేస్‌ప్లేటు నట్లు బిగించాలి. అప్పటికీ ఊగితే కాలి గొట్టమే సన్నదని అర్థం, ఇంజినీరును పిలవాలి.

కాలి చుట్టూ చెమ్మ వస్తుంటే: పైపైన సీలెంటు రాయడం తాత్కాలికమే. పాత పూత తీసి, 7వ మెట్టులోని ‘ఋ’ పనిని మొత్తం మళ్లీ చేయాలి.

12. డబ్బు పూర్తిగా ఇచ్చేముందు, ఆ తరువాత

చేతికి రావలసినవి:

- కాళ్ల స్థానాలు, యాంకరు లోతులు చూపే చిత్రం
- గాలివేగం ఎంతకు రూపొందించారో రాసిన, ఇంజినీరు సంతకంతో ఉన్న పత్రం
- జింకు మందం పరీక్ష పత్రం
- రంధ్రాలు, యాంకర్లు, దిమ్మెల పని ఫొటోలు
- నీటి పరీక్ష జరిగిన తేదీ

బిగించిన నెల రోజులకు ఒకసారి, ఆ తరువాత ప్రతి ఏడూ వానాకాలానికి ముందు, మరోసారి అక్టోబరులో నట్లన్నీ తనిఖీ చేయాలి. బిగించిన రోజున ప్రతి నట్టు మీదుగా బేస్‌ప్లేటుదాకా రంగుతో ఒక గీత గీస్తే, తరువాత ఆ గీత విరిగి కనిపించిన చోట నట్టు కదిలిందని ఒక్క చూపులో తెలుస్తుంది.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మేడ మీద ఉన్న వదులు వస్తువులు, పాత రేకులు, పూలకుండీలు కిందికి దించి, ఇన్వర్టరును ఆపేయాలి. ఎగిరివచ్చిన రేకు ముక్క తగిలి పగిలే ప్యానెళ్లు తక్కువేమీ కావు. తుపాను వెళ్లాక వైర్లు తెగి ఉంటాయేమోనన్న అనుమానంతోనే పైకి వెళ్లాలి, దేన్నీ ముట్టకుండా ముందు కళ్లతో చూడాలి. ప్యానెల్ పగిలినా, కాలు కదిలినా ఫొటోలు తీసి బీమా వారికి, బిగించినవారికి పంపి, ఎలక్ట్రీషియన్ వచ్చి విద్యుత్తును వేరు చేసేదాకా మేడ తలుపుకు తాళం వేసి ఉంచాలి.